ఇటుక లేని ఇంటి వెల

ఇంటి ఖర్చు అనగానే లెక్కకు వచ్చే పద్దులు మూడు: నేల, సామగ్రి, కూలి. వేలాది మంది ఇంటర్నెట్ ద్వారా ఒకే కల్పిత లోకంలో చేరి, ఒకరికొకరు కనిపిస్తూ, ఏ ఒక్కరు ఆట ఆపినా తన దారిన తాను నడిచిపోయే లోకాన్ని పంచుకునే ఆన్‌లైన్ ఆటల్లో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. అక్కడి నేల కంప్యూటర్ గీసే బొమ్మ, ఇటుకలూ వాసాలూ అంకెల వరుసలు, తాపీమేస్త్రీ అవసరం అసలే లేదు. ఒక ఇంటి నమూనాను ఒకసారి తయారు చేసిన తరువాత అటువంటివే మరో లక్ష పుట్టించడానికి అయ్యే అదనపు ఖర్చు అత్యల్పం. అయినప్పటికీ గడచిన నాలుగు దశాబ్దాల్లో ఈ లోకాలను నడిపే సంస్థలు ఇళ్లకు వెల కట్టాయి, వాటిపై శిస్తు వసూలు చేశాయి, వాటికోసం లాటరీలు తీశాయి. ఆటగాళ్లు ఖాళీ స్థలం ముందు గంటల తరబడి పడిగాపులు పడ్డారు, కొందరు నిజమైన డాలర్లు పోసి తెరమీద తప్ప మరెక్కడా లేని బురుజులూ దీవులూ కొన్నారు.

ఈ వెలలు సరుకు కొరత వల్ల తమంతట తాము ఏర్పడినవి కావు; ప్రతి వెల వెనుకా ఎవరో ఒకరు తీసుకున్న నిర్ణయం ఉంది. ఆ నిర్ణయాల చరిత్రను అర్థం చేసుకోవాలంటే ఆట ఇంటి ఖర్చును వేరే మూడు పద్దులుగా విడదీసుకోవాలి: ఇంటిని పొందడానికి ఒకేసారి చెల్లించే ధర, నిలుపుకోవడానికి పదేపదే చెల్లించే శిస్తు, ఇల్లు చేజారిపోకుండా యజమాని గడువులోగా వచ్చి వేయించుకోవలసిన హాజరు. మొదటిది అంకెల్లో పెద్దదిగా కనిపిస్తుంది, రెండోది వివాదాలకు కారణమవుతుంది. అయితే ఆటగాళ్ల చేత చివరివరకూ నికరంగా చెల్లింపజేసిన పద్దు మూడోది.

తొలి ఇళ్లు, తొలి పాఠాలు

ఆటగాడికంటూ ఒక ఇల్లు ఉండాలన్న ఆలోచన స్పష్టమైన రూపం దాల్చిన తొలి లోకాల్లో 'హాబిటాట్' ఒకటి. లూకస్‌ఫిల్మ్ గేమ్స్ సంస్థలో చిప్ మార్నింగ్‌స్టార్, రాండీ ఫార్మర్ రూపొందించిన ఈ ఆటను 'కమడోర్ 64' కంప్యూటర్లు ఉన్నవారికోసం, టెలిఫోన్ లైన్ల మీద నడిచే క్వాంటమ్ లింక్ అనే సేవ ద్వారా, 1986 నుంచి 1988 వరకు ప్రయోగాత్మకంగా నడిపారు. తెరమీద ఆటగాడికి ప్రతినిధిగా తిరిగే బొమ్మను వారు 'అవతార్' అన్నారు. తెలుగువారికి చిరపరిచితమైన అవతార శబ్దం కంప్యూటర్ పరిభాషలో ఈ అర్థంతో వ్యాపించడానికి ఈ ఆట ఒక ముఖ్య కారణం. ఇక్కడ ప్రతి అవతారానికీ పుట్టుకతోనే ఒక సొంత ఇల్లు, 2,000 టోకెన్ల ఆట డబ్బు, ఆపైన ఆటలోకి వచ్చిన ప్రతి రోజుకూ మరో 100 టోకెన్లు దక్కేవి.

ఇల్లు ఉచితమైనా, ఆట డబ్బుతో కట్టే ఏ ధరకైనా పొంచి ఉండే ప్రమాదం ఏమిటో హాబిటాట్ చాలా త్వరగా తెలియజెప్పింది. ఒక అమ్మకపు యంత్రంలో 75 టోకెన్లకు దొరికే బొమ్మను ఊరి మరో మూల ఉన్న తాకట్టు యంత్రం 100 టోకెన్లకు కొంటుందనీ, 18,000 టోకెన్ల స్ఫటిక గోళానికి అదే విధంగా 30,000 ఇస్తుందనీ కొందరు కనిపెట్టి, రాత్రంతా ఈ యంత్రాల మధ్య తిరిగి, తెల్లవారేసరికి లోకంలోని మొత్తం డబ్బును ఐదింతలు చేశారు. నిజ జీవితంలో నాణెం ముద్రించే అధికారం ఖజానాది. ఆటలోనైతే చంపిన ప్రతి రాక్షసుడి నుంచీ, సరుకు కొనే ప్రతి యంత్రం నుంచీ కొత్త నాణెం పుడుతూనే ఉంటుంది. ఇలా పుట్టి పోగుపడే నాణేలను లోకం నుంచి శాశ్వతంగా బయటికి పంపే తూమును ఆట రూపకర్తలు 'గోల్డ్ సింక్' అంటారు. తరువాతి కాలంలో ఆట ఇళ్లు ఖరీదైనవి కావడానికి ఒక ప్రధాన కారణం, వాటిని నివాసాలుగానే కాక ఇటువంటి తూములుగా కూడా ఉద్దేశించడం.

బొమ్మలు లేకుండా కేవలం అక్షరాల వర్ణనతో నడిచిన 'మడ్' అనే రకం ఆటల్లో మరో పాఠం వెల్లడైంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జిమ్ ఆస్ప్నెస్ 1989 ఆగస్టులో ప్రారంభించిన 'టైనీమడ్'లో ఎవరైనా తమ గదిని తామే కట్టుకోవచ్చు. తిరుగుతూ ఉంటే దొరికే పెన్నీలతో, గదికి 10 పెన్నీల చొప్పున చెల్లిస్తే చాలు. ధర ఇంత తక్కువ కావడంతో గదులు విపరీతంగా పెరిగాయి, వాటి వివరాలన్నీ దాచుకోవలసిన కంప్యూటర్ ఆ బరువును మోయలేకపోయింది, 1990 ఏప్రిల్ నాటికి ఆ లోకం మూతపడింది. అదే ఏడాది జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో పావెల్ కర్టిస్ ప్రారంభించిన 'లామ్డామూ' ఈ అనుభవానికి భిన్నమైన దారి ఎంచుకుంది. ఒక పెద్ద భవంతి నమూనాలో సాగే ఈ లోకంలో నిర్మాణానికి ధర కాకుండా కోటా విధించారు. కోటా పెంచమని కోరేవారి ప్రతిపాదనలను పరిశీలించడానికి 'ఆర్కిటెక్చర్ రివ్యూ బోర్డు' పేరుతో ఒక మండలి ఏర్పడింది. కంప్యూటర్ జ్ఞాపకశక్తి అనే అసలైన కొరతను డబ్బుతో కాకుండా పరిపాలనతో పంచిన తొలి ప్రయత్నాల్లో ఇది చెప్పుకోదగింది.

బ్రిటానియా: నేల ఉచితం, కట్టడం ఖరీదు

ఆట ఇంటిని విశాలమైన మార్కెట్‌లోకి తెచ్చింది 'అల్టిమా ఆన్‌లైన్'. రిచర్డ్ గారియట్ నేతృత్వంలో ఆరిజిన్ సిస్టమ్స్ సంస్థ 1997 సెప్టెంబరులో, నెలకు 9.95 డాలర్ల చందాతో విడుదల చేసిన ఈ ఆటలో బ్రిటానియా అనే రాజ్యం ఉంది. ఇల్లు కావలసిన ఆటగాడు ఆట నడిపే వాస్తుశిల్పి పాత్ర దగ్గర ఒక దస్తావేజు కొని, చెట్లూ రాళ్లూ అడ్డులేని చదునైన చోటు వెదికి, అక్కడ ఆ దస్తావేజును వాడితే ఇల్లు క్షణంలో లేచి నిలబడేది. చిన్న ఇంటి దస్తావేజు 43,800 బంగారు నాణేలు, బురుజుది 4,33,200, కోటది 10,22,800. ఇంతటి వ్యత్యాసం ఉన్నా, ఆట నేలను కొలిచే గళ్ల లెక్కన చూస్తే చిన్న ఇల్లు ఏడు గళ్ల చదరం, కోట ముప్పై ఒక్క గళ్ల చదరం కనుక, మొదటిదానిలో గడికి దాదాపు 894, రెండోదానిలో దాదాపు 1,064 నాణేలు పడతాయి. అంటే ఇంటి పరిమాణాన్ని బట్టి వెల ఏర్పడిందే తప్ప, ఆ ఇల్లు ఎక్కడ నిలుస్తుందన్నదానికి వెలలో చోటు లేదు.

బ్రిటానియా గృహ చరిత్రలోని చిక్కులు చాలావరకు ఈ ఒక్క లోపం నుంచి పుట్టినవే. వాస్తుశిల్పికి చెల్లించేది కట్టడపు ధర మాత్రమే, నేల మాత్రం ఎవరు ముందు వస్తే వారిది. రద్దీగా ఉండే పట్టణం అంచున వేసినా, ఎవరూ తొంగిచూడని అడవి మూలన వేసినా దస్తావేజు ధర ఒక్కటే కావడంతో, మంచి చోటుకు సహజంగా ఉండే అదనపు విలువ రాజ్య ఖజానాకు చేరక, ముందుగా వచ్చి ఆక్రమించినవారి చేతుల్లో మిగిలిపోయింది. ఆటగాళ్ల సంఖ్య అనూహ్యంగా పెరిగి చదును నేలంతా నిండిపోయిన తరువాత, కొత్తగా వచ్చినవారికి దస్తావేజు చేతిలో ఉన్నా వేసుకునే చోటు లేకుండాపోయింది. కట్టిన ఇంటిని పాత యజమాని నుంచి కొనడం తప్ప దారి లేకపోయింది. ఆ కొనుగోలు ఆట నాణేల్లోనే ఆగలేదు. ఈబే వేలం సైటులో బ్రిటానియా ఇళ్లు డాలర్లకు అమ్ముడయ్యాయి. ఇటువంటి ఒక బురుజు 750 డాలర్లకు చేతులు మారిన వైనాన్ని జూలియన్ డిబెల్ 2003లో 'వైర్డ్' పత్రికలో వివరంగా రాశాడు. ఆట వస్తువుల వేలాలను ఈబే 2007 జనవరిలో నిలిపివేసేదాకా ఈ బజారు బహిరంగంగానే సాగింది.

ఇల్లు కట్టి చూడమన్న తెలుగు సామెత కట్టుబడిలోని ప్రయాసను గుర్తు చేస్తుంది. బ్రిటానియాలో కట్టడం క్షణంలో పని, ప్రయాసంతా నిలబెట్టుకోవడంలో ఉండేది. తొలి రోజుల్లో ఇంటి తాళంచెవి ఎవరి సంచిలో ఉంటే వారే ఇంట్లోకి పోగలిగేవారు, తాళంచెవి దొంగతనం ఆట నియమాలకు లోబడిన వృత్తి. అంతకన్నా ముఖ్యమైనది శిథిలీకరణ నియమం: యజమాని అప్పుడప్పుడూ వచ్చి తలుపు తీయకపోతే ఇల్లు క్రమంగా పాడుబడి చివరకు కూలిపోయేది. గుమ్మం ముందరి బోర్డు మీద ఆ ఇంటి స్థితి, కొత్తగా ఉందన్న దశ నుంచి కూలడానికి సిద్ధంగా ఉందన్న దశ వరకు, అందరికీ కనిపించేది. ఆఖరి దశకు చేరిన ఇంటి చుట్టూ జనం గుమిగూడి, అది కూలిన క్షణాన లోపలి సామాను ఏరుకోవడానికీ, ఖాళీ అయిన నేలలో తమ దస్తావేజు వేయడానికీ ఎదురు చూసేవారు. వదిలేసిన ఇళ్లు నేలను అడ్డుకోకుండా ఉండటానికి పెట్టిన ఈ నియమమే ఆట గృహ చరిత్రలో హాజరు అనే పద్దుకు పునాది వేసింది.

కొరతను తగ్గించడానికి సంస్థ చేసిన పని నేలను పెంచడం. 2000లో బ్రిటానియాకు ప్రతిబింబంగా, ఇష్టం లేనివారిని ఇతర ఆటగాళ్లు చంపడానికి వీల్లేని 'ట్రామెల్' అనే జోడు లోకాన్ని తెరిచారు. 2003లో 'ఏజ్ ఆఫ్ షాడోస్' విస్తరణతో 'మలాస్' అనే కొత్త భూభాగాన్ని, ఇంటిని గోడగోడగా స్వయంగా రూపొందించుకునే వీలును చేర్చారు. నేల తెరిచిన ప్రతిసారీ మొదటి గంటల్లో పరుగుపందెం జరిగింది. నేల పెరిగినా, ముందు వచ్చినవారిదే నేల అన్న సూత్రం మారలేదు.

శిస్తు విధించిన లోకాలు

బ్రిటానియా అనుభవాన్ని చూసిన తరువాతి రూపకర్తలు ఒకేసారి చెల్లించే ధర నుంచి, క్రమంగా చెల్లించే శిస్తు వైపు మళ్లారు. అల్టిమా ఆన్‌లైన్ రూపకర్తల్లో ఒకరైన రాఫ్ కోస్టర్ సారథ్యంలో 2003లో వచ్చిన 'స్టార్ వార్స్ గెలాక్సీస్'లో ఒక్కో పాత్రకు పది 'లాట్లు', అంటే పది యూనిట్ల కట్టుబడి హక్కు మాత్రమే ఉండేది; ఇంటికీ, ఖనిజాలు తవ్వే యంత్రానికీ ఆ పదిలోంచే ఖర్చు పెట్టాలి. ప్రతి కట్టడమూ గంటల లెక్కన నిర్వహణ సొమ్మును తింటూ ఉండేది, ఆ సొమ్ము అయిపోతే కట్టడం శిథిలమయ్యేది. ఆటగాళ్లే ఊళ్లు కట్టుకుని, మేయరును ఎన్నుకుని, ఆ మేయరు విధించే ఆస్తి పన్ను చెల్లించే ఏర్పాటు కూడా ఉండేది. ఆ ఆటను 2011 డిసెంబరులో మూసివేసినప్పుడు ఆ ఊళ్లన్నీ ఒకేసారి అంతరించాయి.

2004లో వచ్చిన 'ఎవర్‌క్వెస్ట్ 2' మరో మార్గం తీసుకుంది. దానిలోని ఇళ్లు 'ఇన్‌స్టాన్స్' పద్ధతిలో ఉంటాయి; అంటే వీధిలో కనిపించే ఒకే తలుపు వెనుక ప్రతి ఆటగాడికీ వేరువేరుగా ఒక లోపలి ప్రతి తయారవుతుంది, కనుక నేల కొరత అన్న మాటే ఉండదు. అక్కడ వారం వారం చెల్లించే అద్దె కొరతను పంచడానికి ఉద్దేశించింది కాదు, నాణేలను తోడేయడానికీ పెద్ద ఇంటిని హోదాకు గుర్తుగా నిలపడానికీ ఉద్దేశించింది. పెద్ద ఇళ్లకు నాణేలతోపాటు ఆటలో సంపాదించే హోదా పాయింట్లు కూడా చెల్లించాలి. అద్దె బాకీ పడితే తలుపు తెరుచుకోదు, ఇల్లు మాత్రం కూలదు. కూల్చివేతకు బదులు తాళం వేయడం అనే ఈ స్వల్ప భేదం, శిస్తును హాజరు నుంచి వేరుచేసిన మొదటి మెట్లలో ఒకటి.

శిస్తును నిజమైన డబ్బులో విధించి, దానిమీదే సంస్థ ఆదాయాన్ని నిలబెట్టిన లోకం 'సెకండ్ లైఫ్'. ఫిలిప్ రోజ్‌డేల్ స్థాపించిన లిండెన్ ల్యాబ్ 2003 జూన్‌లో దీనిని ప్రజలకు తెరిచింది. మొదట్లో ఆటగాడు నిర్మించిన ప్రతి వస్తువు మీదా పన్ను ఉండేది. ఎక్కువ కట్టినవారే ఎక్కువ చెల్లించాలన్న ఈ పద్ధతికి నిరసనగా ఆ వేసవిలోనే కొందరు, అమెరికా స్వాతంత్ర్య పోరాటంలోని బోస్టన్ తేయాకు ఉదంతాన్ని గుర్తుచేస్తూ, ఆ లోకంలో తేయాకు పెట్టెలు గుట్టలుగా పోశారు. ఆ ఏడాది డిసెంబరు నాటికి వస్తువుల పన్ను పోయి నేల మీద నెలవారీ రుసుము వచ్చింది.

ఈ రుసుము శ్రేణులుగా ఉండేది, విస్తీర్ణం పెరిగే కొద్దీ చదరపు మీటరుకు రేటు తగ్గేది. 512 చదరపు మీటర్ల అదనపు నేలకు నెలకు 5 డాలర్లు కాగా, 256 మీటర్ల చదరమైన మొత్తం ప్రాంతానికి, అంటే 65,536 చదరపు మీటర్లకు, 195 డాలర్లు. లెక్క కడితే చిన్నవాడు చదరపు మీటరుకు దాదాపు ఒక సెంటు చెల్లిస్తే, పెద్ద భూస్వామి సెంటులో మూడోవంతు కూడా చెల్లించనక్కరలేదు. ఈ వ్యత్యాసంలోనే ఒక కొత్త వర్గానికి జీవనాధారం ఏర్పడింది: ప్రాంతాలను టోకున తీసుకుని, కొండలూ తీరాలూ తీర్చిదిద్ది, ముక్కలుగా విడగొట్టి కౌలుకు ఇచ్చే మధ్యవర్తి. ఈ వర్గంలో ప్రసిద్ధురాలు ఆన్‌షీ చుంగ్ అనే అవతారం. చైనాలో పుట్టి జర్మనీలో స్థిరపడిన ఐలిన్ గ్రేఫ్ ఆ పేరుతో చేసిన భూవ్యాపారం 2006 మే నెలలో 'బిజినెస్ వీక్' ముఖచిత్రానికి ఎక్కింది, అదే ఏడాది నవంబరులో తన ఆస్తుల విలువ పది లక్షల డాలర్లు దాటిందని ఆమె ప్రకటించింది. జమీందారీ కాలపు తెలుగు నేల మీద సర్కారుకీ రైతుకీ మధ్య నిలిచిన దళారీ వ్యవస్థను ఎరిగిన పాఠకులకు ఈ ఏర్పాటు కొత్తగా తోచదు.

పై అంచెలో శిస్తు మారినప్పుడల్లా కింది అంచె వరకు కుదుపు వచ్చేది. 2006 నవంబరులో విడి ప్రాంతపు నెలవారీ రుసుమును 195 నుంచి 295 డాలర్లకు పెంచారు. 2008 అక్టోబరులో తక్కువ కట్టడాలకు ఉద్దేశించిన 'ఓపెన్‌స్పేస్' ప్రాంతాల రుసుమును 75 నుంచి 125 డాలర్లకు పెంచుతామని ప్రకటించినప్పుడు తీవ్రమైన నిరసన వచ్చి, సంస్థ ఆ ప్రణాళికను సవరించుకోవలసి వచ్చింది. 295 డాలర్ల రుసుము 249కి దిగివచ్చింది 2018లో. ఈ లోకపు నేల నిజంగా ఎవరిదన్న ప్రశ్న కోర్టుకు కూడా చేరింది: వేలంలో అక్రమంగా నేల పొందాడని లిండెన్ ల్యాబ్ ఖాతా మూసేసిన మార్క్ బ్రాగ్ అనే న్యాయవాది వేసిన దావాలో, వివాదాలన్నీ మధ్యవర్తిత్వానికే పోవాలన్న ఒప్పంద నిబంధన అన్యాయమైనదని పెన్సిల్వేనియాలోని ఫెడరల్ కోర్టు 2007లో తేల్చింది, తరువాత ఇరుపక్షాలూ రాజీపడటంతో యాజమాన్యపు ప్రశ్న తీర్పు లేకుండానే మిగిలిపోయింది.

నేలను పెట్టుబడిగా చూడటం స్వీడన్‌కు చెందిన మైండ్‌ఆర్క్ సంస్థ నడిపే 'ఎంట్రోపియా యూనివర్స్'లో పరాకాష్ఠకు చేరింది. ఆ లోకపు పది నాణేలకు ఒక డాలరు చొప్పున స్థిరమైన మారకం ఉండటంతో అక్కడి ప్రతి ధరా డాలరు ధరే. 2004 డిసెంబరులో ఒక దీవి 26,500 డాలర్లకు అమ్ముడైంది. 2005లో నటుడు జాన్ జేకబ్స్ తన నిజమైన ఇంటిని తాకట్టు పెట్టి ఒక గ్రహశకలాన్ని లక్ష డాలర్లకు కొని, దానిమీద విహారకేంద్రం నెలకొల్పి, 2010లో దానిని భాగాలుగా మొత్తం 6,35,000 డాలర్లకు అమ్మాడు. ఈ ఆస్తులు నివాసాల కన్నా వ్యాపార స్థలాలకు దగ్గర. వేటగాళ్ల నుంచీ గని తవ్వేవారి నుంచీ పన్ను వసూలు చేసే హక్కే వాటి అసలు విలువ.

హాజరు పట్టీ

ధర, శిస్తు, హాజరు అన్న మూడు పద్దుల మధ్య ఉన్న పోటీ అత్యంత స్పష్టంగా కనిపించేది స్క్వేర్ ఎనిక్స్ వారి జపాన్ ఆట 'ఫైనల్ ఫాంటసీ 14'లో. 2013 డిసెంబరులో ఇళ్లను ప్రవేశపెట్టినప్పుడు వాటిని ముందుగా ఆటగాళ్ల సంఘాలకే ఇచ్చారు. ఆనాటి ధరలు సామాన్య సంఘాలకు అందనంతగా ఉన్నాయన్న అసంతృప్తి వెల్లువెత్తింది. వ్యక్తులకు ఇళ్లు 2014లో వచ్చాయి. స్థిరపడిన ధరల ప్రకారం 'గిల్' అనే ఆట నాణెంలో చిన్న స్థలం 30 లక్షల నుంచి 37.5 లక్షలు, మధ్యరకం 1.6 కోట్ల నుంచి 2 కోట్లు, పెద్దది 4 కోట్ల నుంచి 5 కోట్లు. ఈ ఇళ్లు ఇన్‌స్టాన్స్ తలుపుల వెనుక దాగినవి కావు. ఒక్కో వార్డులో 60 స్థలాల చొప్పున, పక్కింటి దీపమూ పెరటి తోటా కనిపించే నిజమైన వాడలు. ఇరుగుపొరుగు అనే భావన కోసం నేలను పరిమితం చేయడంతో కొరత తప్పలేదు.

ధర స్థిరంగా ఉండి, కోరేవారు స్థలాలకన్నా ఎన్నో రెట్లు ఉన్నప్పుడు, ధర పంచలేని కొరతను మరొకటి పంచవలసి వస్తుంది. ఇక్కడ మొదట పంచింది కాలం. ఖాళీ అయిన స్థలం వెంటనే అమ్మకానికి రాకుండా, ఎవరికీ తెలియని యాదృచ్ఛిక సమయంలో తెరుచుకునేలా నియమం పెట్టగా, కొనదలచినవారు ఆ స్థలపు ఫలకం ముందు నిలబడి, రోజంతా కూడా దానిని నొక్కుతూ ఉండేవారు. కొందరు తమ బదులు నొక్కే ప్రోగ్రాములను అక్రమంగా వాడేవారు. గిల్ ఎంత ఉన్నా తీరిక లేనివారికి ఇల్లు లేదు. ఈ దుస్థితిని తొలగించడానికి 2022 ఏప్రిల్‌లో లాటరీ పెట్టారు: ఐదు రోజులు దరఖాస్తులు, నాలుగు రోజులు ఫలితాలు, దరఖాస్తుతోపాటే స్థలపు పూర్తి ధర డిపాజిట్, ఓడినవారికి సొమ్ము వాపసు. తొలి లాటరీలోనే ఒక సాంకేతిక దోషం వల్ల కొన్ని స్థలాలకు గెలిచిన సంఖ్య సున్నాగా వచ్చి, ఎవరికీ దక్కకుండాపోయాయి. ఆ దోషాన్ని తరువాతి నెలలో సరిదిద్దారు. స్థలాలను పంచే పని ధర నుంచి కాలానికి, కాలం నుంచి అదృష్టానికి చేతులు మారిందే గాని కొరత అలాగే ఉంది. ఆ కొరత అంతగా తాకని వసతి 2016లో వచ్చిన అపార్ట్‌మెంట్: ఐదు లక్షల గిల్‌కు దొరికే, పెరడు లేని ఒంటి గది.

ఇల్లు దక్కిన తరువాత మొదలయ్యేది హాజరు. 45 రోజుల్లో ఒక్కసారైనా యజమాని ఆ ఇంటి గడప దాటి లోపలికి రాకపోతే ఇల్లు దానంతట అదే కూల్చివేతకు గురవుతుంది. లోపలికి రావాలంటే ఆట చందా అమల్లో ఉండాలి. కనుక ఒక నెల చందా కట్టి, చివరి రోజున ఇంట్లోకి వచ్చి, మళ్లీ 45 రోజుల గడువు ముగిసేదాకా ఆగి చందా కట్టే అత్యంత పొదుపరి కూడా ఏడాదికి దాదాపు ఐదు నెలల చందా, అంటే 12.99 డాలర్ల కనీస చందా లెక్కన సుమారు 65 డాలర్లు చెల్లించక తప్పదు. గిల్‌లో చెల్లించిన ధర ఒక్కసారితో పోతుంది, ఈ 65 డాలర్లు ఏటేటా వస్తాయి. ఈ హాజరు నియమం సంస్థకే ఎంత కటువుగా తోచిందో, 2020లో కోవిడ్ వ్యాపించినప్పుడూ, 2024 జనవరిలో జపాన్‌లోని నోటో ద్వీపకల్పాన్ని భూకంపం కుదిపినప్పుడూ కూల్చివేతలను తాత్కాలికంగా ఆపడమే చెబుతుంది. కరవు కాలంలో శిస్తు మాఫీ చేయడం పాత రాజ్యాలకు తెలిసిన విద్య. విపత్తు వేళ హాజరు మాఫీ చేయడం ఈ లోకాలు నేర్చుకున్నది.

కొరియాలో 2013లో, పశ్చిమ దేశాల్లో 2014లో వచ్చిన 'ఆర్కీఏజ్' ఇదే సూత్రాన్ని మరింత ముక్కుసూటిగా అమలు చేసింది. ఆట ఉచితమే అయినా, పశ్చిమ దేశాల్లో నేల కలిగి ఉండే హక్కు చందాదారులకే దక్కింది. ఆస్తుల సంఖ్య పెరిగే కొద్దీ పన్ను రేటు పెరిగే విధానం పెట్టినా, అది తొలి రోజుల నేల పరుగును ఆపలేకపోయింది.

హాజరు లేని నేల, కొరత లేని ఇల్లు

హాజరు పద్దును పూర్తిగా తీసేస్తే ఏమవుతుందో బ్లాక్‌చెయిన్ లోకాలు చూపించాయి. బ్లాక్‌చెయిన్ అంటే ఎవరి ఆస్తి ఏదన్న లెక్కను ఒకే సంస్థ దగ్గర కాకుండా అనేక కంప్యూటర్లలో ఒకే తీరుగా దాచే పద్దు పుస్తకం. ఆ పద్ధతిలో 'డీసెంట్రలాండ్' 90,601 స్థలాలను, 'ది సాండ్‌బాక్స్' 1,66,464 స్థలాలను ముందే గిరిగీసి అమ్మకానికి పెట్టాయి. 2021 నవంబరులో డీసెంట్రలాండ్‌లోని 116 స్థలాల సముదాయం ఆ లోకపు నాణేలు 6,18,000కు, అంటే దాదాపు 24 లక్షల డాలర్లకు అమ్ముడైంది. 2022 ఏప్రిల్ 30న 'అదర్‌సైడ్' అనే ఇంకా నిర్మించని లోకంలోని 55,000 స్థలాలు ఒక్కోటి 'ఏప్‌కాయిన్' అనే క్రిప్టో నాణేలు 305 చొప్పున కొన్ని గంటల్లోనే అమ్ముడుపోయాయి. ఇక్కడ శిస్తు లేదు, శిథిలీకరణ లేదు, కొన్నవాడు ఎన్నడూ రాకపోయినా నేల అతనిదే. అందువల్ల చాలామంది రానే లేదు. తెలుగు పట్టణాల శివార్లలో హద్దురాళ్లు పాతి వదిలేసిన వెంచర్లలాగా ఈ లోకాల వీధులు ఎక్కువ భాగం ఖాళీగా మిగిలాయి, 2022 గడిచేసరికి క్రిప్టో మార్కెట్‌తోపాటు ధరలు కూడా పడిపోయాయి. వదిలేసిన ఇంటిని కూల్చే నియమం ఎంత కఠినమైనదైనా, అది నేలను మనుషుల చేతుల్లో తిప్పుతూ ఉండేదన్న సంగతి ఈ ఖాళీ వీధుల వల్ల తేటతెల్లమైంది.

దీనికి ఎదుటి కొసన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' నిలిచింది. 2004 నుంచి నడుస్తూ వచ్చిన ఆ ఆట ఇళ్లను ప్రవేశపెడుతున్నట్టు 2024లో ప్రకటించింది. 2025 ఫిబ్రవరిలో వివరాలు వెల్లడిస్తూ, భారీ ధరలు ఉండవనీ, లాటరీలు ఉండవనీ, భారమైన నిర్వహణ ఖర్చు ఉండదనీ, చందా ఆగిపోయినా ఇంటిని లాక్కోబోమనీ బ్లిజార్డ్ సంస్థ స్పష్టం చేసింది. ఈ హామీల్లోని ప్రతి మాటకూ గతంలోని ఏదో ఒక లోకపు గాయం గుర్తుకొస్తుంది. వాడ నిండితే మరో వాడ ప్రతి పుట్టే ఏర్పాటు వల్ల ఇరుగుపొరుగునూ ఉంచి, కొరతనూ తప్పించే ప్రయత్నం ఇందులో ఉంది. అయితే వెల పూర్తిగా మాయం కాలేదు, గుమ్మం దాటి లోపలికి పోయింది: కొన్ని అలంకరణ వస్తువులను నిజమైన డబ్బుతో కొనే ప్రత్యేక నాణెంతో అమ్ముతున్నారు. 'ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్' 2017లోనే ఈ దారి తొక్కింది. అక్కడ తొలి సత్రపు గది ఒక పనికి బహుమతిగా ఉచితంగా వచ్చేది, కొన్ని భవంతులు మాత్రం నిజమైన డబ్బుతో కొనే 'క్రౌన్ల'కే దొరికేవి. నేల కొరత తీరిన చోట సామాను కొత్త నేల అయింది.

ఆట ఇంటిని మార్కెట్‌లోకి తెచ్చిన బ్రిటానియా ఇంకా నడుస్తూనే ఉంది. దశాబ్దాలుగా పుడుతూ వచ్చిన నాణేల వల్ల అక్కడి బంగారం ఎంతగా చవకబడిందంటే, వంద కోట్ల బంగారు నాణేలను ఒక 'ప్లాటినం'గా లెక్కించే కొత్త కొలమానం పెట్టుకోవలసి వచ్చింది. ఆ కొలమానంలో ఒకనాటి కోట దస్తావేజు ధర 10,22,800 నాణేలు ప్లాటినంలో వెయ్యో వంతుకు కొంచెం ఎక్కువ. 2018లో ఆ ఆట ఉచిత ప్రవేశాన్ని తెరిచినప్పుడు ఉచితంగా ఆడేవారికి దాదాపు లోకమంతా తిరిగే వీలు ఇచ్చింది గాని, ఇల్లు కలిగి ఉండే హక్కు ఇవ్వలేదు. ఆటను దాదాపు మానేసినా ఇంటికోసమే చందా కట్టే పాతకాపులు అక్కడ ఉన్నారు. కోట ధర ద్రవ్యోల్బణంలో కరిగిపోయింది, స్థలాల కొరత ఆటగాళ్ల సంఖ్యతోపాటు సన్నగిల్లింది; యజమాని పట్టించుకుంటున్నంతకాలమే ఇల్లు నిలుస్తుందన్న తొలి రోజుల నియమపు సారం మాత్రం చెక్కుచెదరలేదు.